సవరణ: పైథాన్‌లో ప్రైవేటు మెథడ్ల గురించి

గుంటూరు మిర్చి యార్డు లెక్కలను ఉదాహరణగా తీసుకుని మొన్న పెట్టిన పోస్టులో, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మెథడ్ (డేటానూ దాని మీది పనులనూ కలిపి రాసే 'క్లాసు' అనే మూసలోని ఒక పని) పేరుకు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే జావా భాషలోని ప్రైవేటు మెథడ్ లాగే ఆ క్లాసు బయటి నుంచి పిలవడం కుదరదని రాశాను. అది తప్పు.

పైథాన్ అధికారిక పత్రాల ప్రకారం అక్కడ జరిగేది పేరు మార్పు మాత్రమే. 'టిక్కీ' (మిర్చి బస్తా) అనే క్లాసులో '__తరుగు' (తూకంలో తీసేసే భాగం లెక్క) అని రాస్తే లోపల అది '_టిక్కీ__తరుగు' అవుతుంది. ఆ పూర్తి పేరుతో బయటి నుంచి పిలిస్తే నిక్షేపంగా పనిచేస్తుంది. ఆ క్లాసు ఆధారంగా రాసిన సబ్‌క్లాసులో అదే పేరు మళ్లీ వాడితే రెండూ ఢీకొనకుండా చూడటం ఈ ఏర్పాటు ఉద్దేశం. లోపలి వాడకానికే అని చెప్పాలంటే ఒక్క అండర్‌స్కోరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. దాన్ని మన్నించడం మర్యాదే తప్ప, మీరితే ఆపేవారు లేరు.

ప్రైవేటు మెథడ్లు లేనిది ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషే (క్లాసుల్లాంటి మూసలతో ప్రోగ్రాము రాసే భాషే) కాదని ఆ పోస్టులో రాసిన వాక్యమూ నిలవదు. ఈ పద్ధతికి పెద్ద దిక్కైన స్మాల్‌టాక్ భాషలోనే మెథడ్లన్నీ బహిరంగం. జావాస్క్రిప్ట్ భాషకైతే ప్రైవేటు మెథడ్లు 2022 ప్రమాణంతో గానీ రాలేదు.

తరుగు లెక్కను క్లాసు బయటి కోడ్‌కు అంటించవద్దని ఆ పోస్టులో ఇచ్చిన సలహా మాత్రం అలాగే ఉంచుతున్నాను. రేపు తరుగు పద్ధతి మారితే దిద్దాల్సిన చోటు ఒక్కటే ఉంటుంది.