అకౌంట్ ఉచితమే, మరి టీచర్ టైమ్?

ఆన్‌లైన్‌లో పాఠాలు, లెక్కల అభ్యాసాలు ఇచ్చే ఖాన్ అకాడమీలో టీచర్ అకౌంట్ తెరవడానికి పైసా ఖర్చు లేదు. క్లాసు పెట్టుకుని, క్లాస్ కోడ్ పిల్లలకిస్తే పని మొదలైనట్టే. మెయిల్ ఐడీ లేని పిల్లలకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ టీచరే తయారుచేసి ఇవ్వొచ్చు. 2008లో ఏర్పడిన ఈ సంస్థ లాభాపేక్ష లేనిది కాబట్టి, రేపు పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి ప్యాకేజీలు అంటగడతారన్న భయం లేదు. 2025 జూన్‌లో తెలంగాణ విద్యాశాఖ ప్రభుత్వ బడుల కోసం ఒప్పందం చేసుకున్న సంస్థల్లో ఇదీ ఒకటి.

ఆన్‌లైన్ లెక్కలు అనగానే మన దృష్టి వీడియోల మీదకు పోతుంది. వాటికోసమైతే టీచర్ అకౌంటే అక్కర్లేదు, యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి. అసలు సరుకు, పిల్లలు చేసిన లెక్కల మీద టీచర్‌కు వచ్చే రిపోర్టులో ఉంది.

ఆరో తరగతికి 1/2 + 1/3 ఎంతో కనుక్కోమని ఇచ్చారనుకుందాం. కొందరు 2/5 అంటారు. లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేశారన్నమాట. ఇంకొందరు 2/6 అంటారు. వీళ్లు క.సా.గు. సరిగానే కట్టారు, లవాలను మార్చడం మరిచిపోయారు. మార్కుల్లో ఇద్దరికీ సున్నాయే. కానీ రెండో గుంపుకు బోర్డు దగ్గర రెండు నిమిషాలు చాలు, మొదటి గుంపుకు భిన్నమంటే ఏమిటో మళ్లీ మొదటినుంచి చెప్పాలి. నలభై నోటుపుస్తకాలు తిరగేస్తే తప్ప తేలని ఈ తేడా రిపోర్టులో ప్రశ్నవారీగా కనిపిస్తుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు అందరికీ ఒకే ప్రశ్నలా, ఒక్కొక్కరికీ వేర్వేరు ప్రశ్నలా అని అడుగుతుంది. వేర్వేరు ఇస్తే కాపీ కొట్టడం కుదరదు గానీ, ఎవరు ఎక్కడ తడబడ్డారో పోల్చిచూడటం కష్టం. నన్నడిగితే, బళ్లో కళ్లముందు చేయించేదానికి ఒకే ప్రశ్నలు, ఇంటికి ఇచ్చేదానికి వేర్వేరు ప్రశ్నలు మేలు.

ఇంటికి ఇచ్చిన దాని రిపోర్టును మాత్రం కాస్త అనుమానంగానే చూడాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, అదీ నాన్న పని నుంచి వచ్చాకే చేతికి దొరుకుతుంది. తమ్ముడి లాగిన్‌లో అక్క లెక్కలు చేసిపెడితే, వాడికి అన్నీ వచ్చేసినట్టు చూపిస్తుంది. మర్నాడు అదే లెక్క బోర్డు మీద చేయిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఉచితం అన్నా దాని వెనక ఒక యజమాని ఉంటాడన్నదీ గుర్తుంచుకోవాలి. లెక్కల టీచర్లు ఏళ్లుగా ఉచితంగా వాడుకుంటున్న జియోజీబ్రా అనే గ్రాఫులు, బొమ్మలు గీసే టూల్‌ను 2021లో ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ కొనేసింది. తర్వాత బైజూస్ దివాలా ప్రక్రియ దాకా వెళ్లింది. టూల్ ఇప్పటికీ ఉచితంగానే నడుస్తోంది, అది మన అదృష్టం. ఎందుకైనా మంచిది, పిల్లల ప్రగతిని రిజిస్టర్‌లోనూ రాసిపెట్టుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ఖర్చు లెక్కలోకే రావడం లేదు. హాజరుకు ఒక యాప్, మధ్యాహ్న భోజనానికి ఒక యాప్ అంటూ తిరిగే టీచర్ ఈ రిపోర్టును ఎప్పుడు చదవాలి? చదివాక ఆ 2/5 పిల్లలను విడిగా ఎప్పుడు కూర్చోబెట్టాలి? ఎన్ని అకౌంట్లు తెరిచారో అడగటం తేలిక. దానికి బదులు, రిపోర్టు చూసి మళ్లీ చెప్పడానికి వారానికి ఒక పీరియడ్‌ను టైమ్‌టేబుల్‌లోనే కేటాయించమని హెడ్మాస్టర్లకు విద్యాశాఖ ఉత్తర్వు ఇస్తే, ఆ ఒప్పందంతో తరగతి గదికి పని పడుతుంది.