హాల్‌స్టాట్‌లో చూడ్డానికేముంది అనేవాళ్లకి

"హాల్‌స్టాట్‌కి రెండు గంటలు చాలు, ఫొటో దిగి వచ్చేయండి" అనే సలహా చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అదేమన్నా సినిమా సెట్టా? ఆస్ట్రియాలో కొండకీ సరస్సుకీ మధ్య ఇరుక్కున్న ఊరు, జనాభా 800 కూడా లేదు. రద్దీ రోజున వాళ్ల నెత్తిన 10,000 మంది దిగుతారు. 2023లో ఫొటోలు దిగే చోట చెక్కలతో అడ్డం కట్టేశారంటే ఎంత విసిగిపోయుండాలి! గోలయ్యాక తీసేశారు లెండి.

అసలు ప్రయాణంలోనే తప్పు మొదలవుతుంది. జర్మనీలోని మ్యూనిక్ నుంచి వచ్చే మన స్టూడెంట్లు డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్ రైళ్లకీ బస్సులకీ పనికొచ్చే నెలవారీ పాస్) ఉందిగా అని ఎక్కేస్తారు. అది సరిహద్దు దాటగానే వచ్చే ఆస్ట్రియా నగరం సాల్జ్‌బుర్గ్ స్టేషన్ వరకే. అక్కణ్నుంచి 150 నంబరు బస్సులో బాడ్ ఇష్ల్ అనే ఊరికి గంటన్నర, అక్కడ రైలెక్కితే హాల్‌స్టాట్‌కి అరగంట లోపే. పూర్తిగా రైల్లోనే వెళ్తామంటే అట్నాంగ్-పుఖ్‌హైమ్‌లో మారాలి. హాల్‌స్టాట్ స్టేషనేమో సరస్సుకి అవతలి ఒడ్డున. రైలు టైముకి పడవ ఉంటుంది, పది నిమిషాల్లో దాటిస్తుంది. పడవ టికెట్‌కి నోట్లూ చిల్లరా దగ్గరుంచుకోండి. ఎక్కువమంది దెబ్బతినేది తిరుగు ప్రయాణంలో: వేసవిలో ఇంకా వెలుతురుండగానే ఆఖరి పడవ వెళ్లిపోతుంది. టైము ముందే చూసి పెట్టుకోండి, లేకపోతే టాక్సీకి సమర్పించుకోవడమే.

ఇక ఆ "ఏముంది"కి జవాబు. కాథలిక్ చర్చి పక్కన ప్రార్థనా మందిరం కింద చిన్న గది, అందులో సుమారు 1,200 పుర్రెలు. కొండవాలులో శ్మశానానికి చోటు లేక, పదీ పదిహేనేళ్లకి సమాధి తవ్వి ఎముకలు తీసేవారు. పుర్రెని కడిగి, వారాల తరబడి ఎండలో ఆరబెట్టి, నుదుటి మీద పేరూ, చుట్టూ ఐవీ తీగలో గులాబీలో రంగులతో వేసేవారు. అలా రంగులద్దినవి 610. చివరిది 1995లో పెట్టారు, దానికి బంగారు పన్ను కూడా ఉంది. చేతికందే దూరంలో ఇదుంటే, జనం బయట ఐస్‌క్రీమ్ క్యూలో నిలబడతారు!

ఊరి పైన కొండలో ఉన్న ఉప్పు గనిలో ఎండాకాలమైనా 8 డిగ్రీలే. టీషర్టుతో వెళ్లి వణికితే గనిది తప్పు కాదు.

రాత్రి ఉండండి, అంతే. పొద్దున పది తర్వాత టూరిస్టు బస్సులు దిగుతాయి, సాయంత్రానికి ఊరు ఖాళీ. ఆ పోస్ట్‌కార్డు ఫొటో తీసే చోటు ఊరి ఉత్తరపు కొసన, ఇళ్ల గుమ్మాల ముందే. పొద్దున్నే ఏడింటికి వెళ్లండి. డ్రోన్ ఎగరేయకూడదు. గొంతు కూడా కాస్త తగ్గించండి, ఆ కిటికీల వెనక మనుషులు నిద్రపోతుంటారు.