కిలోవాట్ వేరు, యూనిట్ వేరు

మా అపార్ట్‌మెంట్‌లో ఇంటర్ చదివే అబ్బాయి ఒకడున్నాడు. పని, శక్తి, సామర్థ్యం చాప్టర్‌లో ఏ లెక్క ఇచ్చినా చకచకా చేసేస్తాడు. మొన్న వాళ్లింటి కరెంటు బిల్లు చూపించి, "ఒకచోట కిలోవాట్ అని ఉంది, ఇంకోచోట యూనిట్లు అని ఉంది, రెండూ ఒకటేనా?" అని అడిగాను. కాసేపు చూసి, "ఒకటేనేమో అంకుల్" అన్నాడు. ఆ తప్పు వాడిది కాదు. ఆ పాఠాన్ని మనం ఇంటి గుమ్మం దాకా కూడా తీసుకురావడం లేదు.

మాటల దగ్గరా చిక్కుంది. ఒంట్లో శక్తి లేదంటాం, బలం లేదంటాం, రెండింటికీ ఒకటే అర్థం. కరెంటు పోతే పవర్ పోయిందంటాం. భౌతికశాస్త్రం ఈ వాడుక మాటలనే తీసుకుని ఒక్కోదానికి ఒక్కో హద్దు గీసింది: ఫోర్స్‌కి బలం, ఎనర్జీకి శక్తి, పవర్‌కి సామర్థ్యం. సామర్థ్యం అనగానే నేర్పు గుర్తొస్తుంది గానీ గడియారం గుర్తురాదు. అసలు పవర్‌లో కీలకమంతా గడియారంలోనే ఉంది: సెకనుకు ఎంత పని జరిగిందన్నదే పవర్.

సంపు మోటారు సంగతే చూడండి. వెయ్యి లీటర్ల నీళ్లంటే వెయ్యి కిలోలు. భూమి వాటిని 9,800 న్యూటన్ల బలంతో కిందికి లాగుతుంటుంది. ట్యాంకు 20 మీటర్ల పైన ఉంటే, నీళ్లు అక్కడికి చేర్చడానికి బలాన్ని ఎత్తుతో గుణిస్తే వచ్చేంత, అంటే 1,96,000 జౌళ్ల పని జరగాలి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, అంటే సెకనుకు 746 జౌళ్లు. నష్టాలేవీ లేకపోతే ఒక హెచ్‌పీ మోటారు ఈ పనిని నాలుగున్నర నిమిషాల లోపే ముగిస్తుంది, అర హెచ్‌పీ మోటారుకు తొమ్మిది నిమిషాలు పడుతుంది. నీళ్ల మీద జరిగిన పని రెండింటిలోనూ అంతే, మారింది సమయమే. నిజం మోటారైతే ఇంకా ఎక్కువసేపు తిరగాలి, కొంత శక్తి వేడిగానూ పైపుల్లో ఒరిపిడికీ పోతుంది కాబట్టి.

కిలోవాట్ అంటే వెయ్యి వాట్లు, అది శక్తి ఖర్చయ్యే వేగం. యూనిట్ అంటే ఖర్చయిన మొత్తం శక్తి: ఒక కిలోవాట్ పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్, అంటే 36 లక్షల జౌళ్లు. అరవై కిలోల మనిషి గోల్కొండలో వంద మీటర్ల ఎత్తు ఎక్కాడనుకుందాం. చెమటలు కారేలా ఎక్కినా, తన బరువును పైకి చేర్చడానికి చేసిన పని 58,800 జౌళ్లే. ఒక్క యూనిట్‌తో సమానం కావాలంటే అరవైకి పైగా సార్లు ఎక్కాలి. ఏసీ వేసుకుని పడుకునే రాత్రి ఎన్ని గోల్కొండలు ఎక్కుతున్నామో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పని అన్న మాట పిల్లల్ని నిజంగానే నొప్పిస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో కూలీ నెత్తిన పెట్టె పెట్టుకుని ప్లాట్‌ఫాం పొడవునా నడిస్తే, పెట్టెను పైకి మోసే బలం చేసిన పని సున్నా అని పుస్తకం చెబుతుంది. బలం ఉన్న దిశలో కదలిక ఉంటేనే భౌతికశాస్త్రం దాన్ని పని అంటుంది. ఇక్కడ మోసే బలం పైకి, నడక అడ్డంగా, కాబట్టి లెక్క సరైనదే. మరి ఆయన అలసట సంగతి? బరువును అలా పట్టి ఉంచడానికి కండరాల్లోని పోగులు ఆగకుండా బిగుస్తూ సడలుతూ ఉంటాయి. అందుకు తిన్న తిండిలోని శక్తి ఖర్చై వేడిగా మారుతుంది. ఈ రెండు వాక్యాలు చెప్పకుండా సున్నా దగ్గర ఆపేస్తే ఆయన కష్టాన్ని అవమానించినట్టే అవుతుంది.

హైదరాబాద్ పిల్లలకు ఇంకో లెక్క తప్పక చేయించాలి. మనం తాగే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. దాని పూర్తి నీటిమట్టం 590 అడుగులు. మన నగరం సముద్రమట్టానికి దాదాపు 1,750 అడుగుల పైన ఉంది. అంటే నీళ్లు సుమారు 350 మీటర్లు పైకెక్కి రావాలి. వెయ్యి లీటర్లకు 34 లక్షల జౌళ్లు దాటుతుంది, దాదాపు ఒక యూనిట్. పంపుల నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. ట్యాంకు నిండి పొర్లుతుంటే నీళ్లతోపాటు ఈ యూనిట్లూ మోరీలో కలుస్తున్నాయి.

దీనికి ల్యాబ్ అక్కర్లేదు. మోటారు ప్లేటు మీది హెచ్‌పీ చదివి, ట్యాంకు నిండేందుకు ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి, మీటరు రీడింగు ముందూ వెనకా రాసుకుంటే చాలు. ఈ ఆదివారం మా అపార్ట్‌మెంట్ పిల్లలతో అదే చేయిస్తున్నాను.