‘ఆడబిడ్డలే వద్దంటున్నరు కదా!’ అనేవాళ్లకు జవాబు

వరంగల్, జగిత్యాల వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతున్నది: ‘ఆడవాళ్ల బతుకు కాలంతోపాటు అదే మారుతది. చట్టాలతో కాదు, మనసులు మారాలె. ఆస్తిలో వాటా వద్దని ఆడబిడ్డలే ఇష్టంగా సంతకం పెడుతున్నరు కదా!’ ఇందులో మూడు మాటలున్నాయి, మూడూ నిలబడవు.

కాలం దేన్నీ మార్చలేదు. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి వచ్చింది. అప్పటికే పెండ్లయినవాళ్లకు మాత్రం లేదన్నారు. 2005 కేంద్ర సవరణతో గానీ వాళ్లకు దక్కలేదు. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది 2020లో. ఏండ్లు గడిచినందుకు కాదు, కొట్లాడినందుకు వచ్చినవి ఇవి.

మనసే ముందు మారాలన్నదీ అంతే. ఆడది పుట్టదు, తయారవుతుందని ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ ద బోవా 1949లోనే అన్నారు. రోజూ చేయించే పనులే ఆ తయారీ. అవి మళ్లీ మళ్లీ జరగడం వల్లే నిలుస్తాయని, చేసే తీరు తప్పిన చోటే మార్పుకు సందు దొరుకుతుందని 1990లో అమెరికా తత్వవేత్త జుడిత్ బట్లర్ వాదించారు. అంటే మనసు కన్నా ముందు మారాల్సింది చేసే పనులు.

ఇక ఇష్టంగా సంతకం సంగతి. పెట్టకపోతే ఏమవుతుంది? ఒడిబియ్యం ఆగుతుంది. బతుకమ్మకు తోలుకపోను తమ్ముడు రాడు. అత్తింట్ల కష్టమొస్తే తలదాచుకునే చోటు పోతుంది. ఎకరం వదిలి పుట్టిల్లు నిలుపుకున్న ఆడబిడ్డ బాగా ఆలోచించే ఆ పని చేసింది. లొంగుబాటులా కనిపించే ఎంపికలో చాలాసార్లు ఇలాంటి లెక్కే ఉంటుందని స్త్రీవాద తత్వవేత్త సెరీన్ ఖాదర్ అంటారు. అలాంటి బేరానికి నెట్టే సమాజపు అమరికను చూడమంటారు మరో తత్వవేత్త శాలీ హాస్లాంగర్. ఆడబిడ్డ మనసు ఎంత మారినా తమ్ముడి షరతు మారదు. మొదట్నుంచే వాటా కాగితం మీద ఉంటే అడిగే అవసరమే రాదు, అడిగినందుకు పగా ఉండదు.

అందుకే కాగితం దగ్గర జాగ్రత్త పడాలి. పౌతి (చనిపోయినవాళ్ల భూమిని వారసుల పేరు మీదికి మార్చడం) దరఖాస్తులో వారసులందరి పేర్లూ ఉన్నాయా చూడాలి, ఆడబిడ్డల పేర్లు జారిపోయేది ఎక్కువగా అక్కడే. పట్టా ఒకరి పేరు మీదికి ఎక్కినంతనే మిగతావాళ్ల హక్కు పోదు, కానీ వాటా రాబట్టడానికి సివిల్ కోర్టు మెట్లెక్కాలి. పౌతికి ఒప్పుకునే సంతకం వేరు, వాటా వదులుకునే విడుదల దస్తావేజు వేరు. ఆ దస్తావేజు రిజిస్టర్ కావాలి, తెల్లకాగితం మీది సంతకం చాలదు. ‘ఎప్పుడో నోటిమాటతో పంచుకున్నం’ అంటే కోర్టు మామూలుగా ఒప్పుకోదు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాన్ని మాత్రం కదపలేరు. తండ్రి సొంత సంపాదన భూమిని వీలునామాతో కొడుక్కే రాస్తే ఈ చట్టం కూతురిని ఆదుకోదు. ఆ సందు ఇంకా మూయలేదు.