అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్నదే పత్రిక పేరా?

పాత సాహిత్య పత్రికల జాబితాలు తయారుచేసేవాళ్లలో ఒక మాట తెగ తిరుగుతోంది: "చిన్న పత్రిక అసలు పేరు తేల్చడానికి అట్ట చూస్తే చాలు. రిజిస్టరు కాని పత్రికకు అధికారిక పేరే ఉండదు. పేరులో అక్షరం మారినా పత్రికలకిచ్చే కొత్త అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్‌ఎస్‌ఎన్ తీసుకోవాలి." మూడూ తప్పే. వీటిని నమ్మడం వల్లే ఒకే పత్రిక జాబితాలో రెండు చోట్ల కనిపిస్తోంది.

ముందు అట్ట సంగతి. ప్రత్యేక సంచిక వస్తే 'కథల సంచిక' అన్నది పెద్దక్షరాల్లో ఉంటుంది, పత్రిక పేరు మూలకు పోతుంది. పైగా గ్రంథాలయాల్లో బైండు చేసేటప్పుడు చాలాసార్లు అట్టలు తీసేస్తారు. కేటలాగు సూత్రాల ప్రకారం లోపలి టైటిల్ పేజీదే మొదటి స్థానం. అది లేనప్పుడే అట్ట, ఆ తర్వాత మొదటి పేజీ పైభాగాన అచ్చయిన శీర్షిక, సంపాదకవర్గం వివరాలు, చివరి ముద్రణ వివరాలు. చిన్న పత్రికల్లో టైటిల్ పేజీ అరుదు కాబట్టి తరచు అట్టే ఆధారమవుతుంది, నిజమే. అయితే అది మొదటి సంచిక అట్ట కావాలి. అది దొరక్కపోతే దొరికినవాటిలో అన్నిటికన్నా పాతది చూసి, ఏ సంపుటి, ఏ సంచిక చూశారో రాసిపెట్టాలి.

రిజిస్ట్రేషన్ దగ్గరే అసలు చిక్కు. పత్రికల రిజిస్ట్రేషన్‌కు సంబంధించిన 1867 నాటి చట్టంలోనైనా, దాని స్థానంలో 2024 మార్చి 1న అమల్లోకి వచ్చిన 2023 చట్టంలోనైనా నియమం ఒకటే: అదే భాషలో దేశంలో ఎక్కడున్నా, అదే రాష్ట్రంలో ఏ భాషలో ఉన్నా, ఇప్పటికే ఉన్న పేరును, దాన్ని పోలిన పేరును మళ్లీ ఇవ్వరు. కోరుకున్న పేరు దొరక్కపోతే సంపాదకులు ముందు ఊరి పేరో, వెనక 'సాహితి' అనో చేర్చి రిజిస్టరు చేయిస్తారు. అట్ట మీద మాత్రం కోరుకున్న పేరే పెద్దగా వేస్తారు. చట్టం దృష్టిలో పూర్తి పేరే పేరు. కేటలాగులో అచ్చయిన పేరు శీర్షిక, రిజిస్టరైన పేరు ఆ శీర్షికకు మరో రూపం. రెండూ ఎక్కించాలి. పాత చట్టం కింద నడిచిన పత్రికైతే, ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో యాజమాన్య వివరాలు తెలిపే నాలుగో ఫారం ప్రకటన వెతకండి. పూర్తి పేరు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. 'ప్రైవేటు సర్క్యులేషన్ కోసం' అని వేసుకున్న పత్రికకు రిజిస్ట్రేషన్ లేకున్నా, అచ్చయిన పేరే కేటలాగు శీర్షిక.

ఇక ఐఎస్‌ఎస్‌ఎన్. పేరులోని మొదటి ఐదు పదాల్లో ఏదైనా చేరినా, పోయినా, మారినా, వరస తప్పినా మామూలుగా కొత్త నంబరు కావాలి. వర్ణక్రమం తేడా, కలిపి రాయడం, విడగొట్టడం, 'పత్రిక' లాంటి మాట చేర్చడం చిన్న మార్పులే. 'ఆంధ్రసాహిత్యపరిషత్పత్రిక' అని కలిపి రాసినా, 'ఆంధ్ర సాహిత్య పరిషత్ పత్రిక' అని విడగొట్టినా అది ఒకే పత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో ప్రారంభించిన 'భారతి'ని రోమన్ లిపిలో ఒకరు 'హెచ్' చేర్చి, మరొకరు చేర్చకుండా రాసినంత మాత్రాన రెండు పత్రికలు కావు. ఈ గుర్తింపు నంబరు పేరు మీద హక్కు కూడా ఇవ్వదు. అచ్చు పత్రికను ఆన్‌లైన్‌లోనూ తెస్తే మాత్రం, పేరు అదే అయినా ఆ ఆన్‌లైన్ రూపానికి వేరే నంబరు తీసుకోవాలి.