సంగీతానికి కులం లేదు, దయచేసి అడగొద్దు

ఈ మధ్య మన కర్ణాటక సంగీత కళాకారులు మాట్లాడటం మొదలుపెట్టారు. పాట మానేసి అని కాదు, పాడుతూనే మాట్లాడుతున్నారు. ఇంటర్వ్యూలిచ్చి, చర్చావేదికలెక్కి "నేనెవరు, ఈ సంగీతంలో నా చోటెక్కడ" అని ఆలోచిస్తున్నారు, అదీ పైకి వినబడేట్టు. ఒకావిడ ఆడదాన్నని నా పక్కన మృదంగం వాయించడానికి ఒప్పుకోలేదంటుంది. ఒకాయన మా తాతలు గుళ్ళో నాదస్వరం ఊదారు, సభల్లో మాకు మాత్రం గుమ్మం దగ్గరే చోటంటాడు. నాబోటి రసికుడికి ఇదంతా ఎంత టెన్షనో చెప్పలేను. మేం వచ్చేది మోహన రాగం వినడానికి. పాడేవాళ్ళ ఇంటి సంగతులు మాకెందుకు?

సంగీతానికి కులం లేదు, మతం లేదు, ఆడామగా తేడా లేదు. ఈ మాట మా సభ వార్షికోత్సవంలో ప్రతి ఏడూ నేనే చెబుతాను. కార్యవర్గం ఏకగ్రీవంగా చప్పట్లు కొడుతుంది. మాలో ఎన్నడూ అభిప్రాయభేదం రాలేదు. అందరం దాదాపు చుట్టాలమే కావడం ఇందుకు కొంత తోడ్పడింది.

కులం లేనంత మాత్రాన పద్ధతి లేకుండా పోదు. ముందు వర్ణం, తర్వాత నాలుగు చిన్న కృతులు, ఆపైన రాగం విస్తరించి ఒక పెద్ద కృతి, దానికి తని ఆవర్తనం (పాట ఆగి మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం), చివర్లో జావళీ, తిల్లానా, మంగళం. తని మొదలవగానే శ్రోతలు క్యాంటీన్‌కి వెళ్ళడం కూడా ఇందులో భాగమే. ఇది అనాదిగా వస్తున్న పద్ధతి. కచేరీకి ఈ రూపం తెచ్చినవారు 1890లో పుట్టిన అరియక్కుడి రామానుజ అయ్యంగారు. అంటే అనాది అనేది సుమారుగా మా తాతగారికి పెళ్ళైన రోజుల్లో మొదలైందన్నమాట.

వయొలిన్ విదేశీ వాద్యం కదా అని కొందరు కొంటెగా అడుగుతారు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. ఆపైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో పడ్డాక అది మన ఇంటి పిల్లే. ఇక ముత్తుస్వామి దీక్షితుల వారు సాక్షాత్తూ ఇంగ్లండు రాజును దేవుడు కాపాడాలనే పాట బాణీలో సంస్కృత కీర్తన కట్టారు. అదీ సంప్రదాయమే. ఇక్కడ సూత్రం తేలికే: మార్పు చేసినవాడు పోయి వందేళ్ళయితే అది సంప్రదాయం, వాడు ఎదురుగా కూర్చుని ఉంటే అపచారం. పాలకొల్లు నుంచి ఓ కుర్రాడు కరెంటు మాండొలిన్ పట్టుకొచ్చినప్పుడు కనుబొమలు ముడిచినవాళ్ళున్నారు. ఆ శ్రీనివాస్ పుణ్యాన హాళ్ళు నిండేసరికి ముడులు వాటంతటవే విడిపోయాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగు స్వరాలతో రాగాలు కట్టినప్పుడైతే నాలుగు స్వరాలు రాగమవుతాయా అని పెద్ద వివాదమే నడిచింది. ఆయన నవ్వి పాడారు. అలాంటివాళ్ళతో వాదించడం కష్టం.

అన్నిటికన్నా కష్టం బెంగుళూరు నాగరత్నమ్మ గారితో వచ్చింది. 1878లో దేవదాసీల ఇంట పుట్టి, మద్రాసులో పేరూ డబ్బూ గడించిన మనిషి. అంతటితో సుఖంగా ఉండొచ్చు కదా. ఉండలేదు. 1910లో ముద్దుపళని కావ్యాన్ని పరిష్కరించి అచ్చేయించింది. ముద్దుపళని తంజావూరు మరాఠా రాజుల కొలువులో భోగస్త్రీ, తెలుగులో శృంగార కావ్యం రాసింది. మగకవులు శృంగారం రాయలేదా అని అడక్కండి. రాశారు, మేం కంఠతా పట్టాం, అది రసం. ఆడది రాసేసరికి కందుకూరి వీరేశలింగం గారంతటి సంస్కర్తకే వెగటు పుట్టింది. ప్రభుత్వం వారు పుస్తకాన్ని నిషేధించారు. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాక గానీ ఆ నిషేధం తొలగలేదు.

తర్వాత ఆవిడ దృష్టి తిరువయ్యూరు మీద పడింది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. కావేరి ఒడ్డున ఆయన సమాధి పాడుబడిపోయింది. ఏటా పుష్య బహుళ పంచమికి మహావిద్వాంసులు అక్కడికి వచ్చేవారు, అయితే రెండు పార్టీలుగా వచ్చేవారు. పెద్ద పార్టీ, చిన్న పార్టీ. ఆ తగాదాల మధ్య గుడి కట్టడానికి ఎవరికీ తీరిక చిక్కలేదు. ఆడవాళ్ళు పాడకూడదన్న ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. అప్పుడు నాగరత్నమ్మ వచ్చింది. స్థలం సంపాదించింది, 1920లలో తన సొమ్ముతో గుడి కట్టించింది, పూజ జరిగే ఏర్పాటు చేసింది. చేసి, నేనూ ఇక్కడ పాడతానంది. కూడదన్నారు.

ఆ పెద్దమనుషుల నిగ్రహాన్ని ఇక్కడ కాస్త నిలబడి మెచ్చుకోవాలి. ఎదురుగా ఉన్న గోడ ఆవిడది. తలమీది కప్పు ఆవిడది. లోపల వెలుగుతున్న దీపంలో నూనె ఆవిడది. అన్నీ స్వీకరించారు, గొంతు ఒక్కటీ వద్దన్నారు. ఎంతవరకు పుచ్చుకోవాలో, ఎక్కడ ఆపాలో తెలియాలంటే తరాల సంస్కారం ఉండాలి. ఆవిడకు అది లేదు కాబట్టి ఆడవాళ్ళందర్నీ పోగేసి గుడి వెనక మూడో పార్టీ పెట్టింది. చివరికి 1940 ప్రాంతంలో మూడు పార్టీలూ ఒకటయ్యాయి. ఇప్పుడు త్యాగరాజ పంచరత్న కీర్తనలు కలిసి పాడే గోష్ఠిలో ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుంటారు, టీవీలో ప్రత్యక్షంగా వస్తుంది, అందరం కాఫీ తాగుతూ చూస్తాం. నాగరత్నమ్మ గారి సమాధి కూడా అక్కడే ఉంది. వెళ్ళినప్పుడు దణ్ణం పెట్టుకుంటాం. పోయినవాళ్ళ విషయంలో మాకెలాంటి పట్టింపూ ఉండదు.

ఆడవాళ్ళకు గౌరవం దక్కలేదనడం కూడా అన్యాయం. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో మొదలైంది. 1968లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికి తమ పెద్ద బిరుదు సంగీత కళానిధి ఇచ్చారు. నలభై ఏళ్ళు ఆగితే వచ్చింది కదా. రాగం తానం పల్లవి మగవాళ్ళ సొత్తని అందరూ అనుకుంటున్న రోజుల్లో డి.కె. పట్టమ్మాళ్ గారు పల్లవి పాడి చూపించారు. మృదంగంలో మహానుభావుడు పాల్ఘాట్ మణి అయ్యర్ గారు చాలాకాలం ఆడవాళ్ళ పాటకు వాయించలేదు, ఆ తర్వాత పట్టమ్మాళ్ గారికి వాయించారు. ఆయన కూతురు ఆవిడ కోడలు. రాగాలు ఎన్నయినా ఉండనీయండి, వియ్యాన్ని మించిన శ్రుతి లేదు. ఘటం నేర్చిన సుకన్యా రాంగోపాల్ గారికి అలాంటి వియ్యం కుదిరినట్టు లేదు. పక్కన ఆడది కూర్చుంటే మేం మృదంగం వాయించం అన్నవాళ్ళను చూసి చూసి, చివరికి ఆవిడ ఆడవాళ్ళతోనే సొంతంగా ఒక తాళవాద్య బృందం పెట్టుకున్నారు.

మతం సంగతికొస్తే మా అంత విశాల హృదయులు ఉండరు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ గారు శ్రీరంగంలో రంగనాథుడి నీడన స్థిరపడి నాదస్వరం వాయించారు. ఆయనకూ 1998లో సంగీత కళానిధి వచ్చింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తరతరాలుగా గుళ్ళో సన్నాయి ఊదిన ముస్లిం కుటుంబాలు ఎన్నో. చిలకలూరిపేట పేరే ఒక బాణీ. ఆ దారిలో వచ్చిన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇదంతా మా ఉపన్యాసాల్లో మతసామరస్యం అనే పేరా కింద వస్తుంది, అక్కడ తప్పనిసరిగా చప్పట్లు పడతాయి. మా సభలో కూడా నాదస్వరానికి ప్రత్యేక స్థానం ఉంది. సాయంత్రం నాలుగింటికి, కుర్చీలు సర్దుతుండగా, వాకిట్లో. అతిథులు రాగానే కార్యదర్శి గారు వేలు తిప్పి సైగ చేస్తారు, వాళ్ళు కీర్తన చరణం మధ్యలో ఆపి గట్టిమేళం వాయించేస్తారు. రాత్రి ఏడింటికి లోపల, వేదిక మీద, రెండున్నర గంటల స్లాటు ఎందుకివ్వరని వాళ్ళ మనవడొకడు మొన్న అడిగాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడట. చదువుకున్నవాళ్ళు సన్నాయి పట్టుకుంటే వచ్చే ఇబ్బందే ఇది.

ఏసుదాస్ గారు క్రైస్తవులు. శబరిమలలో రాత్రి గుడి తలుపులు మూసేటప్పుడు వినిపించే గొంతు ఆయనదే. గురువాయూరు గుడిలోకి వెళ్ళాలని ఆయన ఎన్నాళ్ళుగా కోరుకున్నా ప్రవేశం మాత్రం దొరకలేదు. ఇందులో వైరుధ్యం ఎక్కడుందో నాకు అర్థం కాదు. గొంతుకు కాళ్ళుండవు, గుమ్మం దాటినా ఎవరికీ కనపడదు.

అలాగని క్రీస్తు మీద కర్ణాటక కచేరీ చేస్తానంటే ఎలా? 2018లో ఒకాయన చేయబోయాడు. సోషల్ మీడియాలో భక్తులు లేచి కూర్చున్నారు, కచేరీ రద్దయింది. ఒక సంస్కృతి నిలబడింది అనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో మా కోశాధికారి గారు (ఆయనకు అవసరం లేని విషయాలు తెలుస్తుంటాయి) ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెచ్చి చూపించారు. ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్ళు రాసిన కీర్తనలట. ఆదివారం పూట మా వీధి చివరి చర్చిలో కూరగాయలమ్మే ఆవిడ తాళం తప్పకుండా కీర్తన పాడుతోందని, మా సభ సభ్యుల్లో ఆ మాత్రం తాళం వేయగలిగినవాళ్ళు తక్కువని ఆయన అన్నారు. ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాం.

నిజానికి బయటివాళ్ళంటే మాకెంతో ప్రేమ. అమెరికా నుంచి వచ్చిన జాన్ హిగ్గిన్స్ త్యాగరాజ కీర్తనలు పాడితే భాగవతార్ అని పిలుచుకున్నాం. అమెరికా వేల కిలోమీటర్ల అవతల ఉంది కాబట్టి ఆయన గోత్రం గురించి చింత లేదు. మన పక్కవీధి నుంచి వచ్చేవాళ్ళ విషయంలోనే వివరాలు తెలిసి చిక్కొస్తుంది.

ఇన్ని సర్దుబాట్లు చేసుకుని హాయిగా ఉంటే, 2024లో మ్యూజిక్ అకాడమీ టి.ఎం. కృష్ణ గారికి సంగీత కళానిధి ప్రకటించింది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, చక్కగా కచేరీలు చేసుకుంటూ, ఈ సంగీతంలో కులం ఉంది అన్న మనిషి. లేనిదాన్ని ఉందంటే ఎవరికైనా కోపం రాదా? కొందరు విద్వాంసులు ఆ ఏడు అకాడమీలో పాడబోమన్నారు. ఆయన ఇంతకు ముందు ఇంకో పనీ చేశాడు. మృదంగాలు చేసేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళెవరో, ఏ చర్మం ఎక్కడ నుంచి తెస్తారో కనుక్కుని రాశాడు.

దాంతో మా కార్యవర్గంలో కలకలం రేగింది. మృదంగం అంటే పనసకొయ్య అనుకున్నవాళ్ళం. ఆవు తోలు, మేక తోలు, కట్టే వారుకు గేదె తోలు అని తెలిసేసరికి, వేదిక మీద పాదరక్షలు నిషేధించిన సభ మాది కదా, అధ్యక్షుడిగా నేను శాకాహార మృదంగం తీర్మానం ప్రవేశపెట్టాను. కృత్రిమ చర్మంతో చేసినవి వస్తున్నాయి కూడా. తెప్పించాం. మా విద్వాంసులు రెండు దెబ్బలు వేసి, నాదం లేదు అని పక్కన పెట్టేశారు.

ఆ సాయంత్రం కచేరీకి గాలిలో తేమ ఎక్కువై పాత మృదంగం కుడిపక్క శ్రుతికి రాలేదు. మృదంగాలు బాగుచేసేవాణ్ణి పిలిపించాం. వెనక గుమ్మంలోంచి వచ్చాడు. కింద గచ్చు మీదే కూర్చుని మృదంగాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. మధ్యనుండే నల్లటి పూత, అదే కరణి, దాని మీద బొటనవేలు ఆనించి, చెవి దగ్గర పెట్టుకుని, కొయ్యముక్క ఆనించి రాయితో చుట్టూ చిన్నచిన్నగా కొట్టాడు. ఒకచోట ఆగాడు, మళ్ళీ కొట్టాడు. లోపల ఫోన్‌లో పెట్టిన తంబురా యాప్ మోగుతూనే ఉంది. దాని శ్రుతే కొంచెం తగ్గింది, ఎక్కువ చెయ్యండి అన్నాడు. గాయకులు సరిచూస్తే నిజమే.

టికెట్టు లేనివాణ్ణి హాల్లో కూర్చోబెట్టే వీలు నిబంధనల్లో లేదు కాబట్టి, తని ఆవర్తనం అతను జనరేటర్ పక్కన నిలబడి విన్నాడు. మూడు వందలు ఇచ్చి ఓచర్ మీద సంతకం తీసుకున్నాం. వాద్యం మరమ్మతు అనే పద్దు కింద రాయాలా, కళాకారుల పారితోషికం కింద రాయాలా అని కోశాధికారి గారు పేచీ పెట్టారు. కార్యవర్గం ఓట్లు వేసి, ఇతర ఖర్చులు కింద రాయమంది.