కెమెరాలు వచ్చాక కృత్రిమ స్పర్శ మీద పరిశోధన దండగేనా?

కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని కృత్రిమ లోకంలో తిరిగే వర్చువల్ రియాలిటీ గురించి ఒక వాదన సామాజిక మాధ్యమాల్లో జోరుగా తిరుగుతోంది. హెడ్‌సెట్‌లోని కెమెరాలే చేతుల కదలికను పసిగడుతున్నాయి కాబట్టి హ్యాప్టిక్స్, అంటే కృత్రిమ స్పర్శ మీద పరిశోధన ఇక దండగనీ, చేత పట్టుకునే కంట్రోలర్‌లోని వైబ్రేషన్ చాలుననీ, మిగతాది మెదడే ఊహించుకుంటుందనీ, అసలిదంతా గత పదేళ్లలో పుట్టిన ముచ్చటేననీ దాని సారాంశం.

చివరి మాటను ముందే తేల్చేయవచ్చు. కంప్యూటర్ తెర బలాన్ని కూడా చేతికి అందించాలని కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు ఆద్యుల్లో ఒకరైన ఇవాన్ సదర్లాండ్ 1965లోనే రాశారు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బ్రూక్స్ బృందం 1967లో మొదలుపెట్టిన గ్రోప్ ప్రాజెక్టులో, అణుధార్మిక పదార్థాలను దూరం నుంచి పట్టుకునేందుకు తయారైన యాంత్రిక హస్తాన్ని కంప్యూటర్‌కు కలిపి, మందు అణువును ప్రోటీన్‌లో ఇమిడ్చే పని చేయించారు. బొమ్మ మాత్రమే చూసి చేసినదానికంటే బలం చేతికి తెలిసినప్పుడు పనితీరు సుమారు రెండు రెట్లు మెరుగైందని 1990లో ప్రకటించారు.

ఇక కెమెరాల సంగతి. చేయి ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పడం కెమెరా పని. కంప్యూటర్ లెక్కగట్టిన బలాన్ని తిరిగి చేతికి చేర్చడం హ్యాప్టిక్స్ పని. దిశలే వేరైనప్పుడు ఒకటి రెండోదాని స్థానంలోకి ఎలా వస్తుంది? తెర మీది గ్లాసును పట్టుకోబోతే వేళ్లు దాని అంచు దగ్గర ఆగవు, బొటనవేలు నేరుగా వెళ్లి చూపుడువేలిని తాకుతుంది. నిజం గ్లాసైతే వేళ్లు దాని చాటునపడి, సరిగ్గా పట్టు బిగిసే క్షణంలోనే కెమెరాకు కనబడకుండా పోతాయి.

వైబ్రేషన్ చాలుననడం ఇంకా పెద్ద పొరపాటు. ఏదో తగిలిందని అది చెబుతుందే తప్ప, ఆ తగిలినది ఎంత గట్టిదో చెప్పలేదు. 1990ల తొలినాళ్లలో ఎం.ఐ.టి.లో థామస్ మాసీ, కెనెత్ సాలిస్‌బరీ రూపొందించిన ఫాంటమ్ పరికరంలో వేలిని చిన్న తొడుగులో పెట్టి గాలిలో నొక్కితే, లేని గోడ వేలిని ఆపేది. వేలు గోడలోకి ఎంత చొరబడిందో చూసి అంత బలంతో వెనక్కి నెట్టడమే అందులోని సూత్రం. బొమ్మకు సెకనుకు 90 ఫ్రేములు సరిపోతాయి గాని, ఈ లెక్క సెకనుకు సుమారు 1000 సార్లు జరగాలి. అది మందగిస్తే వేలు లోతుగా దిగిపోయాక ఒక్కసారిగా తోపు వచ్చి, గోడ గట్టిగా నిలబడే బదులు గడగడా వణుకుతుంది.

మెదడు ఊహించుకుంటుందన్న మాటలో కొంత నిజముంది. దానికి 1998 నాటి రబ్బరు చేయి ప్రయోగాన్ని చూపుతారు. అసలు చేతిని మరుగున పెట్టి, కళ్లెదుటి రబ్బరు చేతిని కుంచెతో నిమిరితే అదే తన చేయి అనిపిస్తుందంటారు. అయితే అదే సమయంలో మరుగున ఉన్న అసలు చేతిని కూడా మరో కుంచెతో నిమిరారన్న సంగతిని మాత్రం ఎందుకో వదిలేస్తారు. రెండు కుంచెల లయ తప్పగానే భ్రమ సడలింది.

డావిన్సీ రోబోతో ఆపరేషన్ చేసే సర్జన్లు కుట్టుదారం బిగుతును ఏళ్ల తరబడి కంటితోనే అంచనా వేశారన్నది కాదనలేని సంగతి. అయినా 2024లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. అనుమతి పొందిన డావిన్సీ 5లో, కణజాలం మీద పడే బలాన్ని సర్జన్ చేతికి తెలిపే ఏర్పాటును తయారీదారులు కొత్తగా చేర్చారు. మెనూలో బొత్తాం నొక్కడానికో, కట్టబోయే ఇంటిని తిరిగి చూడడానికో కెమెరాలు చాలుననేంతవరకైతే ఆ వాదనతో నాకు పేచీ లేదు.